పెట్ క్లినిక్ వెబ్‌సైట్‌ను ఎస్ఈఓ ఏజెన్సీకి అప్పగించే ముందు జాగ్రత్త: మా క్లినిక్‌కు జరిగింది ఇది

పెట్ క్లినిక్ నడుపుతున్న డాక్టర్లూ, వాటి ఫోన్లూ లెక్కలూ చూసుకునే నాలాంటి వాళ్లూ ఒకసారి చదవండి. ఎస్ఈఓ, అంటే గూగుల్ ఫలితాల్లో సైట్‌ను పైకి తెచ్చే పని, చేస్తామని, మొదటి స్థానం గ్యారంటీ అని చెప్పి ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ మా క్లినిక్‌తో ఏడాదికి ఒప్పందం చేసుకుంది. అది ముగిసేసరికి మా డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) మా పేరున లేదు. గూగుల్‌లో కనిపించే ఫోన్ నంబరు మాది కాదు. పిల్లుల ప్రాణం తీయగల సలహా ఒకటి మా డాక్టరు గారి పేరుతో నెట్‌లో తిరుగుతోంది. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు చెబితే ఆ ఒక్కరికే దూరంగా ఉంటారు, ఇదే పద్ధతిలో పని చేసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మీకు తెలియాల్సింది ఆ పద్ధతి.

మిగతావన్నీ డబ్బు నష్టాలు, వ్యాసాల సంగతి మాత్రం ప్రాణాలతో పని. అందుకే అదే ముందు చెబుతాను. ప్రతి నెలా మా సైట్‌లో కొన్ని ఆరోగ్య వ్యాసాలు పెడతామని ఒప్పందంలో ఉంది. ప్రచురించే ముందు డాక్టరు గారికి చూపిస్తామని నోటిమాటగా చెప్పారు, చూపించలేదు. ఒకరోజు ఒకావిడ ఫోన్ చేసి, "మీ సైట్‌లో జ్వరానికి పారాసెటమాల్ వేయొచ్చని రాశారు కదా, మా పిల్లి చిన్నది, ఎంత వేయమంటారు?" అని అడిగారు. అదృష్టం, ఆవిడ ఇంకా వేయలేదు. పిల్లి శరీరంలో ఆ మందును విరిచి బయటికి పంపే గ్లూకురోనిడేషన్ అనే ప్రక్రియ చాలా బలహీనంగా ఉంటుంది. మనిషి వేసుకునే ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. వెటర్నరీ చదివే పిల్లలకు కూడా తెలిసిన విషయం ఇది. అలాంటి వ్యాసం కింద మా డాక్టరు గారి ఫొటో, ఆవిడ డిగ్రీలు ఉన్నాయి. ఆవిడ ఆ వ్యాసాన్ని అప్పటిదాకా చూడనే లేదు.

ఆ రాత్రి డాక్టరు గారూ నేనూ కూర్చుని సైట్‌లో ఉన్న వ్యాసాలన్నీ చదివాం. కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ మందును "పెంపుడు జంతువులన్నింటికీ" అని సిఫారసు చేశారు. పిల్లులకు అది విషం, వణుకు, ఫిట్స్ వస్తాయి. కుక్కకు మాత్ర మింగించడానికి చక్కెర లేని పీనట్ బటర్‌లో పెట్టి ఇవ్వమని ఇంకో వ్యాసంలో ఉంది. చక్కెర లేనివాటిలో కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ అనే పదార్థం కలుపుతారు. అది కుక్కల్లో రక్తంలోని చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీయగలదు. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్లుగా జనం ఆవిడ మాట మీద పెట్టుకున్న నమ్మకాన్ని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వాడుకున్నారు.

ఏజెన్సీని అడిగితే "కంటెంట్ టీమ్ పొరపాటు, సరిచేస్తాం" అన్నారు. వ్యాసంలోంచి ఒక పూర్తి వాక్యం తీసుకుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికాం. అదే వ్యాసం, అక్షరం మారకుండా, వేరే క్లినిక్కుల సైట్లలోనూ ఉంది. క్లినిక్ పేరు ఒక్కటే మార్చారు. అంటే ఆ పారాసెటమాల్ సలహా ఇంకా ఎందరు డాక్టర్ల పేర్ల కింద ఉందో! మాకు కనిపించిన క్లినిక్కులన్నింటికీ ఫోన్ చేసి చెప్పాం. మీ సైట్ వేరేవాళ్లు చూస్తుంటే ఈ పరీక్ష ఇవాళే చేయండి, ఖర్చేమీ లేదు. ర్యాంకు కోసం గుట్టలుగా పేజీలు తయారుచేసి పెట్టడాన్ని, అవి మనిషి రాసినా యంత్రం రాసినా, గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నియమాల్లో స్పష్టంగా చేర్చింది. అంటే ఈ వ్యాసాలు జంతువులకూ చేటు, సైట్‌కూ చేటు.

రెండోది పనివేళలు. మా క్లినిక్ రాత్రిపూట ఉండదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో, మ్యాప్‌లో క్లినిక్ వివరాలు చూపించే పేజీలో) మాత్రం "24 గంటలూ తెరిచి ఉంటుంది" అని మార్చారు. రాత్రిపూట ఎమర్జెన్సీ అని వెతికేవాళ్లకు కనిపించాలని అట. కడుపు ఉబ్బి మెలితిరిగిన కుక్కను పట్టుకుని ఒక కుటుంబం అర్ధరాత్రి మా తలుపు దగ్గరికి వచ్చింది. తాళం వేసి ఉంది. ఆ జబ్బులో ప్రతి గంటా విలువైనదే. రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి వెతుక్కుని వెళ్లేసరికి ఎంత సమయం పోయిందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ కుక్క బతికింది. వాళ్లు ఒక స్టార్ ఇచ్చి రాసిన రివ్యూలో ప్రతి మాటా న్యాయమే. మూత్రం ఆగిపోయిన మగ పిల్లి అయినా, ఎలుకల మందు తిన్న కుక్క అయినా, ఇలా తాళం వేసిన తలుపు దగ్గర పోయే సమయం తిరిగి రాదు. జంతువుల ఆసుపత్రికి సంబంధించి వేళలు తప్పుగా చూపించడాన్ని నేను మార్కెటింగ్ అనను, నేరమంటాను.

ఆ రివ్యూకు ఏజెన్సీ చూపించిన పరిష్కారం ఇంకా ఘోరం. మాకు చెప్పకుండానే వరసగా ఐదు స్టార్ల రివ్యూలు రావడం మొదలైంది. రాసినవాళ్ల ప్రొఫైళ్లు తెరిచి చూస్తే, ఒక్కొక్కరూ ఎక్కడెక్కడివో పళ్ల డాక్టర్లకు, కార్ల షెడ్లకు, హోటళ్లకు అవే పొగడ్తలు రాసి ఉన్నారు. ఒకాయన మా దగ్గర గుర్రానికి వైద్యం చేయించుకున్నానని రాశాడు. మేం గుర్రాలను చూడం. నకిలీ రివ్యూలు పట్టుబడితే గూగుల్ వాటిని తీసేయడమే కాదు, కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపగలదు, ప్రొఫైల్ మీద హెచ్చరిక కూడా పెట్టగలదు. మామీద వచ్చిన దెబ్బ ఇంకో దారిలో వచ్చింది. ప్రొఫైల్‌లో మా క్లినిక్ పేరు పక్కన "బెస్ట్ ఎమర్జెన్సీ డాగ్ క్యాట్ డాక్టర్ నియర్ మీ" అని తోక తగిలించారు. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లో ఉండాలన్నది గూగుల్ నియమం. ప్రొఫైల్ సస్పెండ్ అయింది. మ్యాప్‌లో మేం లేము. క్లినిక్ మూసేశారా అని పాత క్లయింట్లు ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు.

ఇక మొదటి స్థానం గ్యారంటీ. ఆ మాట ఎవరన్నా అక్కడితో మాట్లాడటం ఆపేయండి. గూగుల్‌లో మొదటి ర్యాంకుకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత మార్గదర్శకాల్లోనే రాసింది. దగ్గరలోని క్లినిక్కులు చూపించేటప్పుడు అది మూడు చూస్తుంది: వెతికినదానికి మీ సేవలు ఎంత సరిపోతాయి, వెతికే మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరాన్ని ఏ ఏజెన్సీ మార్చలేదు. నాలుగు వీధుల అవతల నిలబడి వెతికితే వేరే క్లినిక్ ముందు వస్తుంది, అది సహజం.

మరి నెలనెలా వచ్చే రిపోర్టుల్లో "నంబర్ వన్" అని ఎలా చూపించారంటే, మా క్లినిక్ పేరుతోనే వెతికిన ఫలితాలవి. సొంత పేరుతో వెతికితే ముందు రాకపోతే కదా ఆశ్చర్యం! ఇంకొన్ని, ఎవరూ ఎప్పుడూ టైప్ చేయని పొడుగాటి మాటలు. ప్రకటనల మీద పడిన క్లిక్కులను కూడా ఎస్ఈఓ లెక్కలో కలిపేశారు. రంగురంగుల గ్రాఫులు పక్కన పెట్టి గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను మీ సొంత ఖాతాతో తెరవండి. అది ఉచితం, 16 నెలల లెక్క చూపిస్తుంది. ఏ మాటలు వెతికి ఎంతమంది వచ్చారో అందులో ఉంటుంది. మీ పేరున్న మాటలు వడపోసి తీసేయండి, ఏజెన్సీ చేసిన పని ఉంటే మిగిలినదాంట్లోనే కనిపించాలి. మా లెక్కలో అలా మిగిలింది దాదాపు ఏమీ లేదు.

పైగా ఉన్నది పోగొట్టారు. టీకాల షెడ్యూల్, కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన మొదటి వారాల గురించి డాక్టరు గారు స్వయంగా రాసిన పేజీలు చదివి చాలామంది మా దగ్గరికి వచ్చేవారు. కొత్త డిజైన్‌లో ఆ పేజీల చిరునామాలు మార్చేసి, పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లించే 301 రీడైరెక్ట్ పెట్టలేదు. పరీక్ష కోసం పెట్టిన నోఇండెక్స్ ట్యాగ్‌ను కొన్ని పేజీల్లో తీయకుండా వదిలేశారు. ఆ ట్యాగ్ ఉన్న పేజీ గూగుల్‌లో రాదు.

మమ్మల్ని అన్నిటికన్నా కట్టిపడేసింది డొమైన్. ఒప్పందం మొదట్లో "సర్వర్ మారుస్తున్నాం" అని ట్రాన్స్‌ఫర్ కోడ్ (డొమైన్‌ను వేరేచోటికి బదిలీ చేయడానికి కావాల్సిన కోడ్) అడిగారు. సర్వర్ మార్చడానికి ఆ కోడ్ అక్కర్లేదు, డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ సెట్టింగులు మారిస్తే చాలు. గోడలకు సున్నం వేయడానికి వచ్చినవాడు ఇంటి పత్రాలు అడిగినట్టు. డొమైన్‌ను వాళ్ల ఖాతాలోకి, వాళ్ల పేరు మీదికి మార్చుకున్నారు. మా ఈమెయిల్ కూడా ఆ డొమైన్ మీదే నడుస్తుంది. ల్యాబ్ రిపోర్టులు వచ్చేది దానికే, టీకా గుర్తుచేసే మెయిళ్లు వెళ్లేదీ దాన్నుంచే. ఫోన్ కూడా అంతే: కాల్స్ లెక్కపెట్టడానికని ఒక ట్రాకింగ్ నంబరు తెచ్చి సైట్‌లో, ప్రొఫైల్‌లో పెట్టారు. ఒప్పందం పొడిగించం అని చెప్పగానే ఆ నంబరు మోగడం ఆగిపోయింది. డొమైన్ కావాలంటే "రిలీజ్ ఫీజు" కట్టమన్నారు. ఒప్పందంలో అలాంటి మాటే లేదు.

ఇప్పుడు మీరు ఎవరితోనైనా మాట్లాడుతుంటే, ర్యాంకుల గురించి కాదు, ఖాతాల గురించి ముందు అడగండి. డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో ఉండాలి. బిజినెస్ ప్రొఫైల్‌కు ప్రైమరీ ఓనర్ మీరే, ఏజెన్సీకి మేనేజర్ హోదా చాలు. సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్, గూగుల్ యాడ్స్ ఖాతాలు మీవి, వాళ్లకు అనుమతి మాత్రమే. ట్రాకింగ్ నంబరు పెడితే అది మీకు బదిలీ అయ్యేలా రాయించుకోండి. డాక్టరు చదివి సరేనన్న తరవాతే ఏ వ్యాసమైనా బయటికి వెళ్లాలన్నది కాగితం మీద ఉండాలి, నోటిమాటగా కాదు. "మీ లిస్టింగ్ గడువు అయిపోతోంది, డబ్బు కట్టండి" అని గూగుల్ పేరు చెప్పి ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి. ఆ ప్రొఫైల్ ఎప్పుడూ ఉచితమే.

అందరూ ఇలాంటివాళ్లే అని అనను. ఇప్పుడు మా సైట్ చూస్తున్నావిడ మొదటి సమావేశంలో ర్యాంకు మాటే ఎత్తలేదు. పక్షులను, కుందేళ్లను చూస్తారా, ఎక్స్‌రే మీ దగ్గరే ఉందా, రాత్రి కేసులు ఎక్కడికి పంపుతారు అని అడిగింది. ఆ జవాబులన్నీ సైట్‌లో పెట్టింది. రాత్రి కేసులకు వెళ్లాల్సిన ఆసుపత్రి నంబరు మొదటి పేజీలో పైనే ఉంది, ఫోన్‌లో ఒక్క నొక్కుతో కాల్ వెళ్తుంది. పని నెమ్మదిగా ఉంది, కానీ ఏం చేస్తోందో మాకు కనిపిస్తోంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు తెగతెంపుల మాట చెప్పకముందే ఈ పనులు చేయండి. సైట్ పూర్తి బ్యాకప్ తీసుకోండి. ముఖ్యమైన మెయిళ్లన్నీ వేరేచోట దాచుకోండి. డొమైన్ రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే హూఈజ్‌లో, పేరు దాచి ఉంచకపోతే, అది ఎవరి పేరున ఉందో చూసి స్క్రీన్‌షాట్ తీయండి, పాత రెన్యువల్ రసీదులు వెతికి పెట్టుకోండి. బోర్డు ఫొటో, రిజిస్ట్రేషన్ పత్రాలు చేతిలో ఉంటే ప్రొఫైల్ ఓనర్‌షిప్ కోసం గూగుల్ ద్వారానే రిక్వెస్ట్ పెట్టవచ్చు. మాకు ప్రొఫైల్ అలాగే తిరిగి వచ్చింది. డొమైన్ మీద గొడవ ఇంకా నడుస్తోంది, అందాకా కొత్త డొమైన్‌తో నడుపుతున్నాం. మేం ఇప్పుడు ఒప్పందంలో రాయించుకున్న నిబంధనలు ఎవరికైనా కావాలంటే కామెంట్లో అడగండి, పంపిస్తాను.