నాలుగు చోట్ల కోలాలు: బ్రిస్బేన్ నుంచి రేమండ్ దీవి దాకా

2025 అక్టోబరులో, దసరా సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని, నేనూ నా భార్యా మా అమ్మాయీ ఆస్ట్రేలియా తూర్పు తీరంలో పన్నెండు రోజులు తిరిగాము. చెట్ల మీద ఉంటూ ఆకులు తిని, పొట్ట సంచిలో పిల్లను పెంచే కోలా అంటే మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి ప్రాణం కనుక ప్రయాణం మొత్తాన్ని ఆ ఒక్క జంతువు చుట్టూ అల్లుకున్నాము. బ్రిస్బేన్‌లోని లోన్ పైన్, న్యూ సౌత్ వేల్స్‌లోని పోర్ట్ మక్వారీ, విక్టోరియాలోని ఫిలిప్ దీవి, అదే రాష్ట్రంలోని రేమండ్ దీవి మేము చూసిన నాలుగు చోట్లు. వీటిలో అన్నిటికంటే ఎక్కువ తృప్తినిచ్చిన చోట మేము ప్రవేశ రుసుము కింద ఒక్క డాలరు కూడా కట్టలేదు.

లోన్ పైన్‌కు నగరం నుంచి బస్సులో వెళ్లవచ్చు, బ్రిస్బేన్ నది మీద పడవలోనూ వెళ్లవచ్చు. పడవ గంటకు పైగా పడుతుంది, ఖరీదు కూడా ఎక్కువే; వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు బస్సు అన్న మా లెక్క బాగా కుదిరింది. 1927లో రెండు కోలాలతో మొదలైన ఈ అభయారణ్యంలో ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. అదే 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం బొచ్చు వ్యాపారం కోసం కోలాల వేటకు ఒక నెల రోజులు అనుమతించగా సుమారు ఆరు లక్షల కోలాలు చచ్చిపోయాయి. దాని పక్కన పెట్టి చూస్తే ఆ రెండు కోలాల సంగతి వేరుగా కనిపిస్తుంది.

కోలాను ఎత్తుకొని ఫోటో దిగాలన్నది మా అమ్మాయి ఆశ. దశాబ్దాల పాటు దానికే పేరుపడిన లోన్ పైన్ 2024లో ఆ పద్ధతి మానేసింది. ఇప్పుడు దగ్గరగా నిలబడి చూడనిస్తారు, అంతే. క్వీన్స్‌లాండ్‌లో ఇంకా కొన్ని చోట్ల ఎత్తుకోనిస్తారు కానీ, ఒక్కో కోలాను రోజుకు అరగంటకు మించి సందర్శకుల చేతికి ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లోనూ విక్టోరియాలోనూ అసలు ఎత్తుకోనివ్వరు. "అంత దూరం నుంచి వస్తే చూడడమేనా నాన్నా?" అని మా అమ్మాయి ముఖం ముడుచుకుంది. రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోయే జంతువును నిద్ర లేపి చేతులు మార్చడం ఏమిటో నాకు మాత్రం ముందు నుంచీ బోధపడలేదు.

ఆ నిద్రకు కారణం బద్ధకం కాదు, ఆకుల మత్తు అంతకన్నా కాదు. యూకలిప్టస్ ఆకులో పీచు ఎక్కువ, పోషకాలు తక్కువ, పైగా విషపదార్థాలు ఉంటాయి. ఆ విషాన్ని కాలేయం విరగ్గొట్టాలి. పీచును సుమారు రెండు మీటర్ల పొడవుండే అంధనాళంలో (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) సూక్ష్మజీవులు నెమ్మదిగా పులియబెట్టాలి. వచ్చే శక్తి అంతంతమాత్రం కనుక దాన్ని పొదుపుగా వాడుకోవడం తప్ప కోలాకు మరో దారి లేదు. లోన్ పైన్‌లో మేము గమనించినది ఇంకొకటి ఉంది. పనివారు కట్టలు కట్టలుగా లేత కొమ్మలు తెచ్చి గొట్టాలలో గుచ్చినప్పుడు, ఒక ఆడ కోలా మూడు కొమ్మలను ఒక్కొక్కటిగా ముక్కు దగ్గరకు లాక్కొని వాసన చూసి వదిలేసి, నాలుగో దాని చిగురును మాత్రమే తెంపుకొని నమలడం మొదలుపెట్టింది. సంతలో వంకాయలు ఏరే మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఖమ్మం జిల్లాలో పుట్టి జామాయిల్ తోటల మధ్య పెరిగిన నాకు ఆ ఆకుల వాసన కొత్త కాదు. మన దగ్గర జామాయిల్ పేరుతో కాగితపు గుజ్జు కోసం పెంచే యూకలిప్టస్ చెట్లలో ముఖ్యమైన టెరెటికార్నిస్ జాతి, క్వీన్స్‌లాండ్‌లో కోలాలు బాగా ఇష్టపడే చెట్లలో ఒకటి.

అక్కడి నుంచి అద్దె కారులో దక్షిణంగా పోర్ట్ మక్వారీకి బయలుదేరాము. ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. క్వీన్స్‌లాండ్‌లో వేసవి సమయం పాటించరు, న్యూ సౌత్ వేల్స్‌లో పాటిస్తారు కనుక అక్టోబరులో సరిహద్దు దాటగానే గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. ఈ సంగతి తెలియక, నా చేతి గడియారాన్ని నమ్ముకొని, మధ్యాహ్నం మూడు గంటలకు కోలా ఆసుపత్రిలో మొదలయ్యే పరిచయ కార్యక్రమానికి మేము ఇంకా ముప్పావుగంట ఉందనుకుంటూ తీరిగ్గా వెళ్లేసరికి అది సగం అయిపోయింది. తప్పు పూర్తిగా నాదే. మరునాడు మళ్లీ వెళ్లి మొత్తం విన్నాము. దానివల్ల అదనంగా ఒక రాత్రి ఉండవలసి వచ్చింది.

ఆ ఆసుపత్రి 1973లో మొదలైంది. ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీద నడుస్తోంది. ఇక్కడ టికెట్టు లేదు, తోచినంత విరాళం ఇవ్వవచ్చు. ఒక్కో కోలాకు అది దొరికిన వీధి పేరో ఊరి పేరో ముందు చేర్చి పేరు పెడతారు. మేము చూసినవాటిలో ఒక దానికి రెండు కళ్లూ ఎర్రగా వాచి రెప్పలు సగం అతుక్కుపోయి ఉన్నాయి. అది క్లమీడియా అనే బాక్టీరియా జబ్బు. కళ్లకు సోకితే చూపు పోతుంది, మూత్రనాళాలకూ గర్భాశయానికీ సోకితే ఆడ కోలాలు గొడ్డుపోతాయి. మందు ఇవ్వడంలోనూ ఒక చిక్కు ఉంది: యాంటీబయాటిక్ మందులు అంధనాళంలోని మేలు చేసే సూక్ష్మజీవులను కూడా చంపితే, రోగం తగ్గిన జంతువు ఆకు అరగక చనిపోవచ్చు. అందుకే మేము వెళ్లడానికి కొద్ది వారాల ముందు, 2025 సెప్టెంబరులో, సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన క్లమీడియా టీకాకు ఆమోదం రావడం అక్కడ అందరి నోటా వినిపించింది.

2019–20 కార్చిచ్చుల సమయంలో ఒళ్లు కాలిన కోలాలను చేర్చుకొన్న చోట్లలో ఈ ఆసుపత్రి ఒకటి. అడవుల్లో నీటి తొట్లు పెట్టడానికి ఇరవై అయిదు వేల డాలర్లు కావాలని అడిగితే ప్రపంచం నలుమూలల నుంచి డెబ్బై లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. నిప్పు ఒక్కటే కాదు. అడవి నరికివేత, కార్లు, పెంపుడు కుక్కలు, కరవు అన్నీ కలిసి 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, దేశ రాజధాని ప్రాంతాలలోని కోలాలు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కాయి. చికిత్స చేసి వదలడానికి అడవి మిగలాలి గదా. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరాన లక్షా డెబ్బై ఆరు వేల హెక్టార్ల ప్రభుత్వ అడవిని పాత పార్కులతో కలిపి గ్రేట్ కోలా నేషనల్ పార్కుగా చేస్తామని ప్రకటించినది కూడా ఆ సెప్టెంబరులోనే.

ఆ ఊరిలో మేము దిగిన మోటెల్ గురించి రెండు మాటలు చెప్పాలి. గది శుభ్రంగానే ఉంది, పక్కనే సముద్రం. అయితే రాత్రి ఎనిమిదికే కార్యాలయం మూసేశారు. ఒక రాత్రి పొడిగిస్తామని ముందుగానే చెప్పినా మరునాడు పదింటికి మా తాళపు కార్డు పనిచేయలేదు. సామాను లోపల, మేము బయట, గంటన్నర సేపు. శాకాహారులు రైస్ కుక్కరు వెంట తీసుకెళ్లడం మంచిది. మా ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి ఆ పూట మమ్మల్ని కాపాడింది.

మెల్‌బోర్న్ నుంచి ఫిలిప్ దీవికి సుమారు నూట నలభై కిలోమీటర్లు. ఇక్కడి కోలా సంరక్షణ కేంద్రంలో చెట్ల నడిమి కొమ్మల ఎత్తున చెక్క వంతెనలు కట్టారు కనుక మెడ నొప్పి లేకుండా కళ్లెదురుగా చూడవచ్చు. వృద్ధులతో, పసిపిల్లలతో వెళ్లేవారికి నాలుగింటిలో ఇదే అనువైనది. గంటలో అయిపోతుంది. సాయంత్రం పెంగ్విన్లను చూసేవారికి ఇది దారిలో మజిలీగా పనికొస్తుంది కానీ, దీని కోసమే రావాలని నేను చెప్పను.

ఇక్కడే ఒక తేడా కనిపెట్టాము. బ్రిస్బేన్ కోలాలు బూడిద రంగులో, పొట్టి బొచ్చుతో చిన్నగా ఉంటే, విక్టోరియావి గోధుమ ఛాయతో, దట్టమైన బొచ్చుతో దాదాపు రెట్టింపు ఉన్నాయి. చలి ప్రాంతానికి పెద్ద ఒళ్లు పనికివస్తుంది. ఉత్తరాన మగవి ఆరేడు కిలోలుంటే, దక్షిణాన సుమారు పన్నెండు తూగుతాయి.

రేమండ్ దీవికి పేన్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి ఫెర్రీలో వెళ్లాలి. నడిచి వచ్చేవారికి ఉచితం. కారుకు మాత్రం రుసుము కట్టాలి. నీటి అడుగున గొలుసు పట్టుకొని అటూ ఇటూ జరిగే ఆ ఫెర్రీని చూడగానే కృష్ణ మీది బల్లకట్టు జ్ఞాపకం వచ్చింది; నాలుగైదు నిమిషాల్లో అవతలి ఒడ్డు. 1953లో ఫిలిప్ దీవి నుంచి 42 కోలాలను తెచ్చి ఇక్కడ వదిలారు. ఇప్పుడు ఇళ్ల ముందు, కరెంటు స్తంభాల పక్కన, ఎక్కడ చూసినా అవే. కంచె లేదు, టికెట్టు లేదు. బాణం గుర్తులున్న కాలిబాట ఒకటి ఉంది.

తల ఎత్తి వెతికితే దొరకవు, ముందు నేలను చూడాలని ఒక స్థానికుడు నేర్పాడు. చెట్టు మొదట్లో ఆలివ్ కాయంత రెట్టలు తాజాగా ఉంటే పైన కోలా ఉన్నట్టే. విరిచి వాసన చూస్తే అదే జామాయిల్ వాసన. అలా వెతికి రెండు గంటల్లో పదకొండు చూశాము. ఒక తల్లి కొమ్మ పంగలో కూర్చొని ఉంటే వీపు మీద పిల్ల. పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉండే ఆ పిల్ల ఆరు నెలలు సంచిలో పాలు తాగి, ఆపైన తల్లి పెట్టే పాప్ అనే ప్రత్యేకమైన మెత్తటి మలం తింటేనే దాని పొట్టలోకి ఆకును అరిగించే సూక్ష్మజీవులు చేరతాయి. ఈ మాట విని మా అమ్మాయి "ఛీ" అంది కానీ, చూపు మాత్రం తిప్పుకోలేదు. ఎత్తుకోవాలన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఉత్తరాన తగ్గిపోతున్న జంతువు ఇక్కడ ఎక్కువై, చెట్లకు ఆకు మిగలనివ్వకపోవడం విచిత్రం. అందుకే విక్టోరియాలో ఇలాంటి చోట్ల ఆడ కోలాలకు గర్భనిరోధక ఇంప్లాంట్లు పెడతారు.

దీవిలోనే ఒక ఇంటి వెనుక గదిలో ఆ రాత్రి ఉన్నాము. వంటగది ఉంది, యజమానురాలు దుప్పట్లు అడగకముందే ఇచ్చింది. నాలుగు బసల్లో మళ్లీ వెళ్లాలనిపించేది ఇదొక్కటే. అర్ధరాత్రి దాటాక కిటికీ పక్కన ఎవరో పాత బుల్లెట్ బండిని స్టార్టు చేయలేక కిక్కు మీద కిక్కు కొడుతున్నట్టు చప్పుడు. మగ కోలా అరుపు అది. ఆడవాటిని పిలవడానికీ తోటి మగవాటిని హెచ్చరించడానికీ అంత చిన్న గొంతులోంచి అంత లోతైన శబ్దం వస్తుంది. టార్చి వేయవద్దని మా ఆవిడ ఆపింది. తెల్లవారాక చూస్తే ఆ చెట్టు కింద రెట్టలున్నాయి, పైన ఏమీ లేదు. రెండు చెట్ల అవతల, పంగలో ముడుచుకొని, గాలికి కొమ్మతో పాటు ఊగుతూ నిద్రపోతోంది.