పాత కారు కొంటున్నారా? తాళం తిప్పగానే ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలుగుతుందో లేదో చూసుకోండి

చెన్నైలో సెకండ్ హ్యాండ్ కారు వెతుకుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నెలకోసారి వెళ్లి రావడానికి చిన్న బండి ఒకటి ఉంటే చాలు అనుకునేవాళ్ల కోసం. మాకు తెలిసినాయనకు లోపం దాచి కారు అమ్మిన సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు పేరు రాయను. రాస్తే అందరూ ఆ ఒక్క యార్డే మానేస్తారు. ఈ పని చేసేవాడు వాడొక్కడే అని నేననుకోవడం లేదు.

మా అరుంబాక్కం అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ మాస్టారిది నాయుడుపేట దగ్గర పల్లెటూరు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చారు. 2012 మోడల్ శాంట్రో కొన్నారు, లక్షా ముప్పై ఐదు వేలు. కొనేరోజు తోడుగా నేనూ వెళ్లాను. నేను మెకానిక్‌ని కాను, ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తాను. కార్ల గురించి నాకు కాస్త తెలుసని ఆయన నమ్మకం. నాకూ ఉండేది.

మేం యార్డుకు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి ఉంది. "పెద్దాయన ఎండలో వస్తున్నారు కదా సార్, చల్లగా ఉంటుందని" అన్నాడు యార్డువాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాం. టైర్లు చూశాం, డోర్ల కింద తుప్పు చూశాం, ఆర్‌సీ చూశాం, అన్నానగర్ దాకా ఓ చుట్టు తిప్పాం. డ్యాష్‌బోర్డు మీద ఒక్క వార్నింగ్ లైటు లేదు. "ఇంజన్ మెత్తగా ఉంది మాస్టారూ, తీసుకోండి" అన్నది నేనే.

మూడు వారాలకు మా వీధి చివరి మెకానిక్ షెడ్డులో ఆయిల్ మార్పించారు. ఆ సాయంత్రమే తలుపు కొట్టారు. "ఏందబ్బయా ఇది, బాగున్న బండిని ఆ షెడ్డు పిల్లోడు చెడగొట్టేశాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఎర్ర లైటొస్తా ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే పోతా ఉంది." పోట్లాడటానికి చెప్పులు కూడా వేసుకుని ఉన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ కుర్రాడి మీదే అనుమానం.

ఆ లైటు సంగతి తెలియనివాళ్లకు: ముక్కున్న గిండిలోంచి చుక్క పడుతున్నట్టు ఉండే బొమ్మ అది. చాలామంది ఆయిల్ తగ్గితే వస్తుందనుకుంటారు. ఈ ఎర్ర లైటు చెప్పేది ఇంజన్ లోపల ఆయిల్ ప్రెషర్ గురించి. ఇంజన్ బ్లాకుకు ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఇలాంటి పాత బళ్లలో దానికి ఒకే ఒక్క వైరు. ప్రెషర్ లేనప్పుడు స్విచ్ ఆ వైరును బాడీకి ఎర్త్ చేస్తుంది, లైటు వెలుగుతుంది. ఆయిల్ పంపు ప్రెషర్ ఎక్కించగానే ఆ కనెక్షన్ తెగుతుంది, లైటు ఆరిపోతుంది. అందుకే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ దాకా తిప్పితే లైటు వెలగాలి, స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లలో పోవాలి. నడుస్తుండగా వెలిగితే బండి పక్కకు తీసి వెంటనే ఆపేయాలి. "ఇంటిదాకా పోనిద్దాం" అంటే ఇంజన్ మీద ఆశ వదులుకోవడమే.

మాస్టారిని కూర్చోబెట్టి బండి చూశాను. చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూశాను. లెవెల్ పై గీత దగ్గరే ఉంది. ఆయిల్‌లో నీళ్లు కలిసిన తెల్లటి మీగడలాంటిదేమీ లేదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే లైటు వెంటనే పోయింది. ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చి, యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో పెడితే మిణుకు మిణుకుమంది. వేడెక్కితే ఆయిల్ పల్చబడుతుంది, అప్పుడే ప్రెషర్ పడిపోతోందన్నమాట. స్విచ్ వైరు పీకితే లైటు ఆరింది, అంటే వైరింగ్‌లో షార్ట్ లేదు.

మర్నాడు షెడ్డుకు వెళ్లి గొడవ పెట్టుకోకుండా అడిగాం. ఆ కుర్రాడు చెప్పింది విని ఇద్దరం నోరెళ్లబెట్టాం. ఫిల్టర్ విప్పుతుంటే స్విచ్ వైరు కనబడిందట. ఊడిపోయి లేదు, పీకి, వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి, పైపు వెనక దాచి ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని తగిలించేశాడు. పాత ఆయిల్ బెల్లం పాకంలా ఉందట, డ్రెయిన్ నట్టు విప్పినా దిగడానికి మొరాయించిందట. దాని బదులు బండి పుస్తకంలో రాసిన గ్రేడు పోశాడు.

అంటే ఒకే పూటలో, తెలియకుండానే, ఆ పిల్లాడు రెండు ముసుగులూ తీసేశాడు. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన ఇంజన్‌లో చప్పుడు తగ్గుతుంది, ప్రెషర్ కూడా కాస్త నిలబడుతుంది. అయినా వెలుగుతుందేమోనని వైరే పీకేశారు. నేను మెచ్చుకున్న మెత్తదనం ఆ పాకానిది. ఏసీ మర్యాద కూడా అప్పుడర్థమైంది. బండి ముందే స్టార్ట్ అయి ఉంటే తాళం తిప్పినప్పుడు ఏ లైటు వెలగలేదో ఎవరు చూస్తారు? ఆ మూడు వారాల్లో మాస్టారు మనవడితో రెండుసార్లు ఊరికి వెళ్లొచ్చారు. తడ దాటాక ప్రెషర్ పూర్తిగా పోయి ఉంటే, ఇంజన్ పట్టేసేదాకా ఆయనకు తెలిసే దారే లేదు.

యార్డుకు ఫోన్ చేస్తే "సెన్సార్ పోయుంటుంది సార్, మార్చేయండి" అన్నాడు. ఇంకో గ్యారేజీవాళ్లు బానెట్ ఎత్తకుండానే "ఇంజన్ దింపాలి, నలభై ఎనిమిది వేలు" అన్నారు. ఇద్దరి మాటా నమ్మొద్దు, ముందు గేజ్ పెట్టించండి. స్విచ్ విప్పి ఆ రంధ్రంలోనే ప్రెషర్ గేజ్ బిగిస్తే అసలు సంగతి అంకెల్లో కనబడుతుంది. మా షెడ్డు ఓనరు ఎక్కడో అడిగి గేజ్ తెచ్చాడు. వేడి ఇంజన్, స్లోలో 4 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత). రేస్ చేసి 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర ఉంచినా 11 దాటలేదు. వెయ్యి ఆర్‌పీఎంకి సుమారు 10 ఉండాలని పాత మెకానిక్కుల లెక్క. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. స్విచ్ పాపం బాగానే ఉంది, నిజమే చెబుతోంది.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దింపితే స్ట్రైనర్ జల్లెడ సగం మూసుకుపోయి ఉంది. నల్లటి మడ్డి, దానితో పాటు ఎర్ర గ్యాస్కెట్ పేస్టు ముక్కలు. ఎవరో ఇంతకుముందే చాంబర్ విప్పి, పేస్టు గోడకు సున్నం కొట్టినట్టు పూసి మూసేశారు. శుభ్రం చేసి, పంపు చూసి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేస్తే స్లోలో 13కి వచ్చింది. మొత్తం తొమ్మిది వేల ఎనిమిది వందలు. బేరింగులు కొంత అరిగాయి, ఇప్పటికి నడుస్తుంది అన్నాడు ఓనరు. ఎంతకాలమో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

కాబట్టి మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు బండి చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే టీ తాగి రండి, లేదా ఇంకోరోజు వెళ్లండి. తాళం మీరే తిప్పండి. ఆయిల్, బ్యాటరీ, చెక్ ఇంజన్ లైట్లు మూడూ వెలగాలి. తర్వాత అరగంట నడిపి, స్లోలో రెండు నిమిషాలు నిలబెట్టండి. ఇంకా తెలివైనవాళ్లు ఆయిల్ లైటును బ్యాటరీ లైటు వైరుకు కలిపేస్తారు, అప్పుడు రెండూ కలిసే వెలిగి కలిసే ఆరిపోతాయి, అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. అనుమానం వస్తే ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, స్విచ్ దగ్గర వైరు పీకించండి. లైటు ఆరాలి. ఆరకపోతే దానికి కనెక్షన్ ఇంకెక్కడి నుంచో వస్తోంది. పీకనివ్వను అంటే బేరం అక్కడితో ఆపేయండి.

యార్డువాడు "ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను" అని మాస్టారు సంతకం పెట్టిన కాగితం చూపించాడు. లోపం దాచి అమ్మిన వ్యాపారిని ఆ కాగితం కాపాడుతుందో లేదో తేల్చుకుందామని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు వేయాలి, కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వ్యాపారి దగ్గర కొంటేనే ఈ దారి. ఎవరో ఇంటాయన తన సొంత బండి అమ్మితే ఇది వర్తించదు.

మా కేసులో బలహీనత ఒకటే. ఆ టేపు చుట్టిన వైరుకు ఫొటో లేదు. కుర్రాడు మంచి మనసుతో టేపు విప్పి చెత్తలో పడేశాడు. వాడి మాట బిల్లు మీద రాయించి ఓనరు సంతకం తీసుకున్నాం, అంతే. మీ బండిలో ఇలాంటిది కనబడితే వెంటనే తగిలించేయకండి, ముందు ఫోన్ తీసి వీడియో తీయండి.