14416 టెలీ మానస్: మా సెంట్రింగ్ పనివాళ్ల కోసం వాడి చూశాక

మా ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. విజయవాడ చుట్టుపక్కల గొల్లపూడి, పోరంకి, కానూరు వైపు అపార్ట్‌మెంట్లకు స్లాబ్ సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద ప్లేట్లు, జాకీలు బిగించే పని) చేయిస్తారు. మస్టర్ (హాజరు) రాసేది, శనివారం సాయంత్రం బట్వాడా (వారం కూలి) ఇచ్చేది, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చామో లెక్క చూసేది నేను. మా దగ్గర పనిచేసే ఒకతని కోసం, మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆ తర్వాత ఇంకొందరి చేత కూడా మాట్లాడించాను. మేస్త్రీలు, సైటు సూపర్‌వైజర్లు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. సర్వీసు మంచిది, నమ్మొచ్చు. అయితే మన పనివాడు తనంతట తాను ఆ నంబరు నొక్కుతాడని ఎదురుచూడకండి. పక్కన కూర్చుని, ఫోన్ కలిపి, చేతికిచ్చే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఎవరన్నది నంబరు కంటే ముఖ్యం.

టెలీ మానస్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలుపెట్టింది. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ దీనికి పెద్ద దిక్కు. నంబరు 14416. ఇంకో నంబరు 1800 891 4416. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు పడవు. ఫోన్ చేయగానే భాష ఎంచుకోమంటుంది. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ అన్నీ కలిపి ఇరవై భాషలున్నాయి. మొదట శిక్షణ ఉన్న కౌన్సెలర్ మాట్లాడతారు. మందులు అవసరమనిపిస్తే, పరిస్థితి తీవ్రంగా ఉంటే మానసిక వైద్యులకు చెబుతారు, లేదా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు. 2024లో యాప్ కూడా వచ్చింది. మా వాళ్లకు మాత్రం ఫోన్ చేయడమే సులువు.

ఇక అతని సంగతి. పేరు రాయను. శ్రీకాకుళం వైపు మనిషి, జాకీలు, ప్లేట్లు బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. సింగ్ నగర్‌లో కింది గది అద్దెకు తీసుకుని భార్యాపిల్లలతో ఉండేవాడు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి ఆ వీధులన్నీ మునిగాయి. టీవీ, భార్య కుట్టుమిషను, బియ్యం, పిల్లల పుస్తకాలు, బైకు అన్నీ నీళ్లపాలయ్యాయి. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు సాయం ఇచ్చింది. ఆ డబ్బు పాత బాకీల వడ్డీకే పోయింది. బైకు బాగుచేయించుకోకపోతే పనికి రాలేడు కాబట్టి ఫోన్‌లో లోన్ యాప్ పట్టుకున్నాడు. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్. అంతలో ప్లేటు మీద పడి వేళ్లు నలిగి పని మానేయాల్సి వచ్చింది. యాప్ వాళ్లు అతని ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ తిడుతూ మెసేజ్‌లు పెట్టారు. ఊళ్లో ఉన్న తండ్రికీ వెళ్లింది మెసేజ్. దెబ్బ కంటే, అప్పు కంటే ఆ మెసేజే అతన్ని ఎక్కువ కుంగదీసింది.

నాకు అనుమానం వచ్చింది లెక్కల పుస్తకం దగ్గర. బట్వాడా ఇస్తుంటే, "అక్కా, నా లెక్క మొత్తం తేల్చేయండి. ఇక నుంచి ఏదొచ్చినా మా ఆవిడ ఫోన్‌పేకి వేసేయండి" అన్నాడు. మా పనిలో లెక్క తేల్చమన్నాడంటే వేరే మేస్త్రీ దగ్గరికి పోతున్నాడని అర్థం. కానీ అలా పోయేవాడు తన సుత్తి, కటింగ్ ప్లయర్ వెంట తీసుకెళ్తాడు. ఇతను వాటిని కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చేశాడు. టీకొట్టు బాకీ కట్టేశాడు. అంతకుముందు ఎవరు పలకరించినా కసురుకున్నవాడు ఆ సాయంత్రం చాలా నెమ్మదిగా ఉన్నాడు. లెక్కలు చూసే ఆడవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మనిషి ముఖం దాచుకున్నా లెక్క దాచుకోలేడు. ఉన్నట్టుండి బాకీలన్నీ తీర్చేయడం, వస్తువులు పంచేయడం, డబ్బంతా భార్య పేరు మీదికి మార్చమనడం కనిపిస్తే ఆ రోజే మాట్లాడండి.

నేను పక్కకు పిలిచి నేరుగా అడిగాను, "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని. ఆ మాట అంటే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. డాక్టర్లు కూడా సూటిగా అడగమనే చెబుతారు. "ఏటి చేయాలో తోచట్లేదక్కా" అని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు.

అక్కడి నుంచే ఫోన్ కలిపాను. తెలుగు కోసం అంకె నేనే నొక్కాను, ఎందుకంటే ఆ స్థితిలో ఉన్నవాడికి మెషిన్ చెప్పేది వినే ఓపిక ఉండదు. లైన్‌లోకి వచ్చిన కౌన్సెలర్‌కి నేను ఎవరో, ఎందుకు చేస్తున్నానో ముక్కలో చెప్పి ఫోన్ అతనికిచ్చాను. మాటలు వినపడనంత దూరం జరిగాను గానీ మనిషి కనపడే చోటే ఉన్నాను. చాలాసేపు మాట్లాడాడు. మొదట అన్నీ ఒక్క ముక్క జవాబులు, తర్వాత ఏడుపు, ఆ తర్వాత మామూలు గొంతు. తర్వాత అతను చెప్పాడు, ఆ కౌన్సెలర్ మొదట అడిగింది "ఏం పని చేస్తారు? ఎంత ఎత్తులో చేస్తారు?" అని. అప్పుల గురించి ఆ తర్వాత అడిగిందట. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పటి నుంచి, ఎలాగని ఏమైనా అనుకున్నావా, ఇంట్లో ఎవరున్నారు అని తడబడకుండా అడిగిందట. భార్యతో కూడా మాట్లాడి, ప్రమాదమైనవి ఇంట్లో అందుబాటులో ఉంచొద్దని, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దని చెప్పింది. లోన్ యాప్ వేధింపుల మీద సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయొచ్చని చెప్పింది కూడా ఆవిడే. ఆ మాట వినేదాకా తనే ఏదో నేరం చేశానని అతను అనుకుంటున్నాడు.

ఎత్తు గురించి అడగడాన్ని నేను ఎందుకింత మెచ్చుకుంటున్నానంటే, అంతకుముందు నిద్ర పట్టట్లేదని అతని బావమరిది ఒక ప్రైవేట్ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. ఫీజు తీసుకుని మాత్రలు రాశారు. ఏం పని చేస్తావని అడగలేదు. ఆ మాత్ర మత్తుతో పొద్దున్నే పరంజా ఎక్కాడు. కింద మా ఆయన చూసి దింపేశారు కాబట్టి సరిపోయింది. మానసిక సమస్యకు మందులు వాడటం తప్పు కాదు. కానీ మన పనివాళ్లు డాక్టర్ అడగకపోయినా ముందు చెప్పాల్సిన మాట "నేను ఎత్తులో పనిచేస్తాను" అన్నదే. ఏ మాత్ర మత్తు తెస్తుంది, ఏది రాత్రి వేసుకోవాలి, ఎన్నాళ్లు పరంజా ఎక్కకూడదు అని అడిగి రాయించుకోవాలి. మందు తాగే అలవాటుంటే అది కూడా దాచకూడదు. మాత్రా మందూ కలిస్తే మత్తు రెట్టింపవుతుంది.

కౌన్సెలర్ చెప్పిన ప్రకారం ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లాం. మందులు అక్కడే ఉచితంగా ఇచ్చారు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పారు. ఈ మాట చాలా అవసరం. మా వాళ్లు జ్వరం మాత్రలాగా రెండో రోజుకే గుణం కనిపించాలనుకుంటారు, కనిపించకపోతే మానేస్తారు. ఆ వారాల్లో అతనికి కింద ప్లైవుడ్ కోయడం, ప్లేట్లకు ఆయిల్ రాయడం, మేకులు ఏరడం పెట్టాం. కూలి తగ్గించలేదు. తగ్గిస్తే రెండో రోజే మళ్లీ పైకెక్కుతానంటాడు. మధ్యలో హెల్ప్‌లైన్ నుంచి ఎలా ఉన్నారని మళ్లీ ఫోన్ వచ్చింది. "ప్రభుత్వం నుంచి నాకోసం ఫోన్ చేశారక్కా" అని నలుగురికీ చెప్పుకున్నాడు.

షెడ్డులో ఎక్కువగా వినే భయం పోలీసు కేసు. ఫోన్ చేస్తే పేరు రాసుకుని పోలీసులకు ఇస్తారని అంటారు. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. మాట్లాడింది గోప్యంగా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, అతన్ని శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు (ప్రభుత్వ ఉద్యోగి విధిని అడ్డుకోవడానికి చేసిన ప్రయత్నం మాత్రం ఇప్పటికీ నేరమే). ఇది బట్వాడా రోజు అందరి ముందూ గట్టిగా చెప్పండి.

ఫోన్ సర్వీసుతో అయ్యేదెంత, కానిదెంత అన్నది కూడా చెప్పాలి. రేకుల షెడ్డులో పదిమంది పడుకునే చోట ఏ మగవాడూ ఫోన్‌లో ఏడవలేడు. అందుకే సైటు ఆఫీసు గదో, మా ఇంటి వరండానో ఖాళీ చేసి ఇవ్వాలి. అప్పు హెల్ప్‌లైన్ తీర్చదు. పని లేకపోతే పని ఇప్పించదు. 2019లో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగినప్పుడు గుంటూరు, తెనాలి వైపు భవన కార్మికులు ప్రాణాలు తీసుకున్నారని మనమంతా పేపర్లలో చదివాం. అప్పుడు ఈ నంబరు లేదు. ఉన్నా, నెలల తరబడి పొయ్యి వెలగని ఇంట్లో మాటలొక్కటే సరిపోవు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924. అందులో 26 శాతానికి పైగా రోజుకూలీలే. ఇది మన దేశం గొడవే కాదు. ఒక సైటులో సేఫ్టీ ఇంజినీరు పొద్దున పని మొదలయ్యే ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో అమెరికా లెక్కలు చెప్పారు. 2016లో అక్కడ పనిచేసే మగవాళ్లలో లక్షకు సగటున 27 మంది ఆత్మహత్య చేసుకుంటే, నిర్మాణ రంగంలో 45 మంది, గనులు, క్వారీలు, చమురు తవ్వకాల్లో 54 మంది. దొనబండ క్వారీల్లో పనిచేసే మా చుట్టాలకు కూడా ఈ నంబరు పంపాను. హెల్మెట్ గురించి ఎంత చెబుతారో దీని గురించీ అంత చెప్పాలి.

ఇప్పుడు ఫోన్ ఎవరు కలపాలన్న సంగతి. మేస్త్రీ కలపడం అన్నివేళలా కుదరదు. అతని దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు "మనసు బాగోలేదు" అంటే పని ఎగ్గొట్టడానికి చెబుతున్నాడనుకుంటారేమోనని నోరు మెదపడు. అప్పు ఇచ్చినవాడికి బాధ చెప్పుకోవడం కష్టం. మా ఆయన అంటే వాళ్లకు గౌరవం, అయినా ఆయనకు చెప్పనివి నాకు చెబుతారు, నాకు చెప్పనివి టీకొట్టు పిన్నికి చెబుతారు. అందుకని మా దగ్గర ముగ్గురం ఉన్నాం: నేను, టీకొట్టు పిన్ని, రాడ్ బెండింగ్‌లో అందరికంటే పెద్దాయన. ఎవరి దగ్గర నోరు విప్పితే వాళ్లం ఫోన్ కలుపుతాం. ఒడిశా కుర్రాళ్లకు ఒడియాలోనే మాట్లాడే మనుషులు దొరికారు, తెలుగు రాక వాళ్లు ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఎవరైనా ఇప్పటికిప్పుడు ఏదైనా చేసుకునేలా ఉంటే మాత్రం ముందు 108కి చేయండి, సాయం వచ్చేదాకా పక్కనే ఉండండి.

అతను మళ్లీ పరంజా ఎక్కుతున్నాడు. అప్పులు ఇంకా ఉన్నాయి, ఓపీకి వెళ్తూనే ఉన్నాడు. సర్వీసుకు నా మార్కులు ఐదుకు ఐదు. సైటుల సంగతి వేరు. భవన కార్మికుల సంక్షేమం కోసం కట్టడం ఖర్చు మీద సెస్సు వసూలు చేస్తూనే ఉన్నారు. పేరు నమోదైన కార్మికులు ఇంతమంది ఉన్న ఊళ్లో నెలకొకసారి సైటుకు ఒక కౌన్సెలర్‌ని పంపడం ఆ డబ్బుకు భారం కాదు. గేటు దగ్గర హెల్మెట్ బోర్డు పక్కన 14416 అని పెద్దగా రాయడానికి అసలు ఖర్చే లేదు. ఓపీకి వెళ్లిన రోజు మేం సగం కూలి ఇస్తున్నాం, మా స్తోమత అంతే. పెద్ద బిల్డర్లు పూర్తి కూలి ఇవ్వగలరు, ఇవ్వాలి.