నాలుగు కాళ్ల చేతికర్ర: మూడేళ్ల వాడకం తర్వాత

పక్షవాతంతో ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ల కోసం సర్జికల్ షాపుకి వెళ్తే చాలాసార్లు చేతిలో పెట్టేది ఈ కర్రే. శ్రీకాకుళంలో కొన్న రెండు రకాలూ, అడుగు భాగం వెడల్పుగా ఉన్నదీ చిన్నగా ఉన్నదీ, మూడేళ్లుగా ఇంట్లో నడుస్తున్నాయి. కొనేటట్టయితే చిన్నదే కొనండి.

వెడల్పుది నిలబెడితే కదలదు, అందుకే షాపులో అదే నచ్చుతుంది. ఇంటికొచ్చాక అరుగు మెట్టు మీద దాని నాలుగు కాళ్లూ పట్టవు. రెండు గాల్లో ఉండగా బరువు వేస్తే పక్కకి ఒరిగిపోతుంది. గచ్చు మీద కూడా నాలుగూ ఒకేసారి ఆనితేనే దానికి బలం. తొందరపడి రెండు కాళ్ల మీదే ఆనించి అడుగేసేవాళ్లే పడుతున్నారు.

కర్ర పట్టాల్సింది బాగున్న చేత్తో. పడిపోయిన పక్క పట్టించడం చాలా ఇళ్లలో జరిగే తప్పు. అడుగున కాళ్లు పొడుచుకొచ్చిన వైపు బయటికి, తిన్నగా ఉన్న వైపు ఒంటికి ఉండాలి. తిరగబడితే సొంత పాదమే దానికి తగులుతుంది. కుడి, ఎడమ మార్చాలంటే బటన్ నొక్కి పిడిని సగం చుట్టు తిప్పితే సరి. బటన్ టక్కున చిల్లులోంచి పూర్తిగా బయటికి రావాలి. సగమే వస్తే బరువు పడగానే కర్ర కుంగుతుంది.

ఎత్తు: నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే పిడి మణికట్టు మడత దగ్గరకి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 20 నుంచి 30 డిగ్రీలు వంగుతుంది. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకి ఉత్త పాదాలతోనే కొలవండి. బయటికైతే వెనక పట్టీ ఉన్న చెప్పులు వెయ్యాలి, హవాయి చెప్పు పడిపోయిన కాలికి నిలవదు.

నడక వరస ముందు కర్ర, తర్వాత పడిన కాలు, ఆఖర్న మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా పడిన కాలూ ముందు. గడప కూడా మెట్టే. సాయం ఉండేవాళ్లు పడిన పక్కన, ఒకడుగు వెనక నిలబడి నడుముకి కట్టిన తుండు పట్టుకోవాలి. పడిపోయిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

తడి బాత్రూంలో దీన్ని నమ్మకండి, గోడకి రాడ్ వేయించండి. కళింగపట్నం వైపు ఇసుక దారుల్లో ఒక్కో కాలు ఒక్కోలా దిగబడుతుంది. నులకమంచం మీంచి ఈ కర్ర ఊతంతో లేవబోతే కర్రే ముందుకి తిరగబడుతుంది, గట్టి మంచం కావాలి.

కర్ర పడకుండా కాస్తుంది గాని రెండోసారి పక్షవాతాన్ని ఆపలేదు. నడక వచ్చింది కదా అని బీపీ బిళ్ల మానేయొద్దు. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108. లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే మామూలుగా రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే. పసరు కోసం తిరిగితే ఆ గంటలు మళ్లీ రావు.

ఇక అరుగుదల. ఉప్పుగాలికి అడుగు ఇనుప చట్రంలో వెల్డింగు దగ్గర ముందు తుప్పు పడుతుంది, వానాకాలం అయ్యాక రంగు వేయాలి. కాళ్ల చివర తొడిగే రబ్బరు బుష్‌లు నెలకోసారి తిరగేసి చూడండి. గీతలు అరిగి నున్నబడితే తడి గచ్చు మీద జారతాయి. లోపల ఇనుప బిళ్ల లేని చవక రకాన్ని గొట్టం కోసుకుని బయటికొస్తుంది. ఒకటే అరిగినా నాలుగూ కలిపి మార్చండి, లేకపోతే కర్ర ఊగుతుంది.