సర్వీస్‌నౌ ఛేంజ్ మేనేజ్‌మెంట్: మూడు రకాల మార్పులకు మూడు దారులు

చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాచ్‌కూ, డేటాబేస్ తరలింపుకూ ఒకే ఆమోద ప్రక్రియను అమలుచేసే సంస్థల్లో పనిచేసేవారికి ఐటీ వ్యవస్థల్లో చేసే మార్పులను నమోదు చేసి, ఆమోదం పొంది, షెడ్యూల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ అయిన సర్వీస్‌నౌ ఛేంజ్ మేనేజ్‌మెంట్ విలువ త్వరగానే అర్థమవుతుంది. ఐటీ సేవల నిర్వహణకు మార్గదర్శకమైన ఐటిల్ పద్ధతి ప్రకారం ఇందులో స్టాండర్డ్, నార్మల్, ఎమర్జెన్సీ అనే మూడు రకాల ఛేంజ్‌లు ఉన్నాయి. నార్మల్ ఛేంజ్ మదింపు, ఆమోదం అనే రెండు దశలు దాటాకే షెడ్యూల్‌లోకి వస్తుంది. ఎమర్జెన్సీ ఛేంజ్ మదింపు దశను వదిలి నేరుగా ఆమోదానికి వెళ్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది స్టాండర్డ్ ఛేంజ్. తరచూ చేయవలసివచ్చే, ప్రమాదం తక్కువగా ఉండే, చేయవలసిన విధానం ముందే స్థిరపడిన పనిని ఒకసారి టెంప్లేట్‌గా ప్రతిపాదించి ఆమోదం పొందితే, ఆ తర్వాత ప్రతిసారీ మార్పులను పరిశీలించే ఛేంజ్ అడ్వైజరీ బోర్డు ముందుకు వెళ్లనవసరం లేకుండా కేటలాగ్ నుంచి ఎంచుకుని నేరుగా షెడ్యూల్ చేసుకోవచ్చు. అమలు, పరీక్ష, బ్యాక్‌అవుట్ (మార్పు విఫలమైతే పాత స్థితికి తిరిగి వెళ్లే) ప్రణాళికలను టెంప్లేట్‌లోనే నింపి ఉంచవచ్చు కనుక, రాత్రి షిఫ్ట్‌లో ఉన్న ఇంజినీరుకు ఇది నిజమైన ఊరట. ఒకే సర్వర్‌పై ఒకే సమయంలో రెండు మార్పులు తగిలితే హెచ్చరించే ఏర్పాటు కూడా ఎంతో ఉపయోగకరం.

అయితే ఆలస్యమైన మామూలు పనిని ఎవరైనా ఎమర్జెన్సీగా నమోదు చేస్తే, అది నిజంగా అత్యవసరమా కాదా అన్నది ఆమోదించేవారే తేల్చాలి. అమరికకు శ్రమ, ఖర్చు ఎక్కువ కాబట్టి దీనిని పెద్ద సంస్థలకే సిఫారసు చేస్తాను.