"మంచుకు తట్టుకుంటుంది, ఏడాదికి మూడడుగులు పెరుగుతుంది" అనే పామ్ మొక్కలతో జాగ్రత్త

పెరట్లో పామ్ మొక్కలు పెట్టుకోవాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా చలికాలం రాత్రుళ్ళు తొట్టిలో నీళ్ళు గడ్డకట్టే చోట ఉండేవాళ్ళు, డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి. నాలుగేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర మూడు మొక్కలు తెప్పించుకున్నాను. పేరు రాయను, రాసినా రేపు ఇంకో పేరుతో వస్తారు. మూడింటిలో ఒకటి మొదటి చలికాలమే పోయింది. ఒకటి ఇప్పటికీ మోకాలి ఎత్తు దాటలేదు. మూడోది బతికుంది, పెరుగుతోంది కూడా, కానీ ప్రకటనలో రాసిన ఎత్తుకీ పెట్టె విప్పితే కనబడిన ఎత్తుకీ పొంతనే లేదు.

ముందు పోయినదాని సంగతి చెప్తాను. ప్రకటనలో "ఫ్యాన్ పామ్, మంచుకు తట్టుకుంటుంది, ఏడాదికి మూడడుగులు పెరుగుతుంది" అని మాత్రమే ఉంది, శాస్త్రీయ నామం లేదు. అడిగితే "వాషింగ్టోనియా అండి" అన్నారు. వాషింగ్టోనియాలో రెండు రకాలున్నాయని నాకప్పుడు తెలియదు. రోబస్టా అనేది నిజంగానే పరుగెడుతుంది, వేడి, నీళ్ళు, మంచి నేల దొరికితే ఏడాదికి మూడడుగులు అన్నది అబద్ధమేమీ కాదు, కాకపోతే దానికి చలి పడదు. సుమారు మైనస్ 5, 6 డిగ్రీలకే ఆకులు మాడతాయి, ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగితే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ఫిలిఫెరా. తడి లేని పొడి చలి అయితే అది ఇంకొన్ని డిగ్రీలు ఓర్చుకుంటుంది, కానీ రోబస్టా అంత వేగం దానికి లేదు. అమ్మేవాళ్ళు రోబస్టా వేగాన్నీ ఫిలిఫెరా ఓర్పునీ కలిపి ఒకే చీటీ మీద రాసేస్తారు. చిన్న మొక్కలుగా రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ పుట్టిన సంకరాలు కూడా అమ్మకంలో తిరుగుతుంటాయి, కాబట్టి కొత్తవాళ్ళకి తేడా పట్టుకోవడం కష్టం. మట్ట తొడిమ మొదట్లో ఎర్రటి గోధుమరంగు, ఆకు నిగనిగలాడే పచ్చదనం ఉంటే రోబస్టా వైపు అనుమానించండి. ఆకు కాస్త బూడిదరంగు కలిసిన పచ్చగా, తొడిమ పచ్చగా ఉంటే ఫిలిఫెరా కావచ్చు. ఇది నేను డబ్బు పోగొట్టుకున్నాక నేర్చుకున్న విద్య.

ఆ మొదటి వేసవిలో దాని దూకుడు చూసి నేనే నలుగురికీ గొప్పలు చెప్పుకున్నాను. ఒక ఆకు విచ్చుకునేలోపే ఇంకోటి మొవ్వులోంచి తల ఎత్తేది. తర్వాత చలికాలం వచ్చింది, వరసగా మూడు రాత్రులు మైనస్ 8. పొద్దున చూస్తే ఆకులు ఉడకబెట్టినట్టు ముదురురంగులో వేలాడుతున్నాయి, వారానికి గడ్డిరంగుకు తిరిగాయి. ఆకులు పోతే పోయాయి, మొవ్వు బాగుంటే చాలనుకున్నాను. నెల తర్వాత మొవ్వు పట్టుకుని రెండు వేళ్ళతో మెల్లగా లాగితే, ఏ పట్టూ లేకుండా మొత్తం చేతిలోకి వచ్చేసింది. కొసన గోధుమరంగు జిగురు, మురిగిన వాసన. మామూలు చెట్టయితే ఒక కొమ్మ ఎండినా పక్కనుంచి చిగురిస్తుంది, ఒంటి కాండం పామ్‌కి పెరిగే మొగ్గ ఒక్కటే, అది కుళ్ళిందంటే ఆ మొక్క పనైపోయినట్టే. మొవ్వు ఊడినంత మాత్రాన ప్రతి మొక్కా చచ్చిపోదు లెండి, లోపలి మొగ్గ మిగిలుంటే వేసవిలో వంకర టింకరగా అయినా ఒక ఆకు తోసుకొస్తుంది. అందుకే ఆ గుంటలో కుళ్ళు ఆపే రాగి మందు పోసి ఎండాకాలం చివరిదాకా ఎదురుచూశాను. రాలేదు.

ఫోన్ చేస్తే "మీరు కప్పి ఉండాల్సింది" అన్నారు. తట్టుకుంటుందని రాసింది మీరే కదండీ అంటే "పెద్దయ్యాక" అన్నారు. ఈ "పెద్దయ్యాక" అన్న మాట ప్రకటనలో ఎక్కడా లేదు. నిజానికి అందులో కొంత న్యాయం ఉంది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఏ పామ్‌కైనా చెప్పే చలి అంకె నేలలో బాగా నాటుకుని కాండం కట్టిన చెట్టుకి వర్తిస్తుంది. రెండేళ్ళ పిల్ల మొక్కకి అంత శక్తి ఉండదు, కుండీలో ఉంటే మరీ ఘోరం, ఎందుకంటే నేల కాచినట్టు కుండీ గోడ వేర్లను కాయదు. పైగా తడిసిన మొవ్వు మీద పడే చలి, పొడి చలికన్నా ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇవన్నీ చెప్పాల్సింది అమ్మేముందా, చచ్చాకా?

ఇక రెండో మొక్క. ఫొటోలో నిటారుగా ఎత్తయిన కాండాలతో వరసగా చెట్లు, కింద "సబల్ పామ్, అతి చలికి కూడా తట్టుకుంటుంది". నాకొచ్చింది సబల్ మైనర్. ఫొటోలో ఉన్నవి సబల్ పామెట్టో అని ఇప్పుడు చూస్తే ఇట్టే తెలుస్తోంది. సబల్ మైనర్‌కి కాండం మామూలుగా నేల లోపలే ఉంటుంది, పైకి కనబడేవి ఆకులే, దాన్ని పొద అనుకోవాలి తప్ప చెట్టు అనుకోకూడదు. నాలుగేళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి, "ఈ ఏడాది లేస్తుంది, ఈ ఏడాది లేస్తుంది" అని ఎదురుచూశాను. అది లేచే రకమే కాదు. ఒక మాట చెప్పాలి, ఇప్పుడు మూడింట్లో నాకు అదంటేనే ఇష్టం. ఆ మైనస్ 8 రాత్రుల్లో దాని ఆకు కొస కూడా మాడలేదు. ఏడాదికి మూడు ఆకులు వేస్తుంది, అంతే, దాని నడక దానిది.

పోనీ నిజంగా పామెట్టోయే ఇచ్చినా నేను కోరుకున్న చెట్టు నాలుగేళ్ళలో వచ్చేది కాదు. గింజ నుంచి కాండం పైకి కనబడటానికే దానికి పది, పదిహేనేళ్ళు పట్టొచ్చు. ఇది అర్థమైతే సగం మోసాలు మన దగ్గర సాగవు. మామూలు చెట్టు ముందు సన్నగా పైకి లేచి, తర్వాత ఏటేటా లావెక్కుతుంది. పామ్ కాండంలో అలా లావెక్కించే పొర ఉండదు. అందుకని ముందు నేల మట్టంలోనే మొదలు తన పూర్తి వెడల్పుకు బలిసి, ఆ తర్వాతే పైకి లేవడం మొదలుపెడుతుంది. ఆ బలిసే ఏళ్ళన్నీ మనకి "ఏమీ పెరగట్లేదు" అనే కనిపిస్తుంది. చలికి బాగా తట్టుకునే రకాల్లో చాలావాటికి ఈ దశ మరీ పొడుగు. సుమారు మైనస్ 20 దాకా ఓర్చుకునే నీడిల్ పామ్ ఉంది చూశారా, అది ఏడాదికి కొన్ని అంగుళాలు కదిలితే గొప్ప. చిలీ వైన్ పామ్ అయితే మన పిల్లల కోసం నాటాల్సిందే. సబల్ లాంటి వాటికి వేసవి బాగా వేడిగా లేకపోతే ఇంకా నెమ్మది, ఎండాకాలం చల్లగా ఉండే చోట అసలు కదిలినట్టే అనిపించదు. ఎరువు ఎక్కువేస్తే పరుగెడుతుందన్న ఆశ కూడా పెట్టుకోకండి, చలికాలం ముందు నత్రజని దట్టిస్తే లేత ఆకు వచ్చి అదే ముందు మాడుతుంది.

మూడోది విండ్‌మిల్ పామ్, ట్రాకికార్పస్ ఫార్చ్యూనై. చలికీ వేగానికీ కాస్త రాజీ కుదిరిన రకం ఏదైనా ఉందంటే ఇదే, నేలలో కుదురుకున్నాక సుమారు మైనస్ 12 నుంచి 15 దాకా ఓర్చుకుంటుంది. "ఐదడుగుల మొక్క" అని కొన్నాను. వచ్చాక టేపు పెట్టి కొలిస్తే నిజంగానే ఐదడుగులు, కుండీ అడుగు నుంచి పొడుగాటి ఆకు కొస దాకా! అందులో కాండం జానెడు. దాని చుట్టూ ఉన్న పీచు పక్కకి జరిపి చూస్తే కాండం నా మణికట్టంత. తొడిమలన్నీ గ్రీన్‌హౌస్ నీడలో వెలుతురు కోసం సాగి సాగి బారుగా ఉన్నాయి. ఎండలో నాటాక కొత్త ఆకులు పొట్టి తొడిమలతో వచ్చాయి, పాత బారు ఆకులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. రెండో ఏడు చివరికి కొలిస్తే నా ఐదడుగుల మొక్క మూడున్నర అడుగులైంది. పెరగడం కోసం కొన్న మొక్క తగ్గింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. (మొక్కకి అది మంచిదే, పొట్టి తొడిమలు గాలికి విరగవు. నాకే మంచిది కాలేదు.)

దానికి ఇంకో కబురు కూడా తగిలించారు, "కొత్త హైబ్రిడ్, రెట్టింపు వేగం" అని. ఇది 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి ఇంగ్లండుకు పంపిన మొక్క, ఆయన పేరే దీనికి ఉంది. అప్పటినుంచీ తోటల్లో పెంచుతూనే ఉన్నారు, దీని నడక ఎంతో తెలియని రహస్యమేం కాదు. పిల్ల మొక్కగా కొన్నేళ్ళు నింపాదిగా ఉంటుంది, కాండం మొదలయ్యాక మంచి నేలలో, నీళ్ళు తప్పకుండా పోస్తే ఏడాదికి జానెడు, బాగా నచ్చిన చోట అడుగు. నాది మూడో ఏడు నుంచి జానెడు చొప్పున లేస్తోంది. వసంతంలో మొవ్వు మీదా పక్క తొడిమ మీదా ఒకే మట్టంలో మార్కర్‌తో గీత పెడతాను, పది రోజులకోసారి ఆ రెండు గీతల మధ్య దూరం చూస్తాను. మొక్క నిజంగా కదులుతోందా లేదా అన్నది ఫొటోల కన్నా ఆ గీతే బాగా చెప్తుంది.

కొనేవాళ్ళు ముందు పూర్తి శాస్త్రీయ నామం రాతపూర్వకంగా అడగండి, "వాషింగ్టోనియా", "సబల్" అని సగం పేరు చెప్తే కొనకండి. ఎత్తు అడగొద్దు, ఆకులు వదిలేసి కాండం ఒక్కటీ ఎంతుందో అడగండి, టేపు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఆరుబయట ఎన్ని చలికాలాలు గడిపిందో అడగండి, గ్రీన్‌హౌస్‌లోంచి తిన్నగా వస్తున్నదైతే ధర ఎంత తక్కువైనా తొందరపడకండి. పెద్ద సబల్ పామెట్టోని తవ్వి తెచ్చి పెడతామనేవాళ్ళు కూడా ఉన్నారు, తవ్వినప్పుడు తెగిన వేర్లు దాదాపు అన్నీ చచ్చిపోతాయి, మొదట్లోంచి కొత్తవి పుట్టాలి, కాబట్టి నాటాక ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, అది స్తంభంలా నిలబడి ఉంటుంది. అప్పుడు టెన్షన్ పడి తెగ నీళ్ళు పోసి, తెగ ఎరువు వేసి చంపుకోకండి.

నిన్న ఆ ప్రకటనలు మళ్ళీ కనబడ్డాయి. అదే పామెట్టోల ఫొటో, అదే మూడడుగులు. ఎవరికైనా అలాంటిది తగిలితే తొడిమ మొదలు, ఆకు వెనకవైపు దగ్గరగా తీసిన ఫొటోలు వాళ్ళని అడిగి ఇక్కడ పెట్టండి, కొనకముందే చూసి నాకు తెలిసింది చెప్తాను.