40 ఎంఎం ట్యూబ్‌లెస్ గ్రావెల్ టైర్లు: ఆరు నెలలు తొక్కాక

ఆరు నెలలుగా నా సైకిల్‌కి ఈ కంకర దారుల టైర్లే వేసుకుని తిరుగుతున్నాను, ఎక్కువగా పొలాల మధ్య ఎగుడుదిగుడు మట్టి దారులు, నడుమ రాళ్లు పరిచిన వీధులున్న పాత ఊళ్లు. ఇంతకుముందు 32 ఎంఎం ట్యూబ్ టైర్లు ఉండేవి, కంకర మీద దిగుడు వస్తే చేతులు తిమ్మిరెక్కిపోయేవి. ఇప్పుడా బాధ లేదు.

అసలు సంగతంతా గాలిలో ఉంది. నా బరువు 70 కిలోలు. మొదట భయపడి 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టాను, సైకిల్ రాళ్ల మీద ఎగిరెగిరి పడింది, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ చివరికి ముందు 30, వెనక 33 దగ్గర ఆగాను, అక్కడే టైరు నేలని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం సీటు మీంచి లేవకండి, బరువు ముందుకు పోతే వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

ఒకరోజు ముల్లు దిగింది. బుస్సుమని శబ్దం, ఫ్రేమ్ మీద తెల్లటి సీలెంట్ (రంధ్రాలు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) చుక్కలు. టెన్షన్ పడుతూనే రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నాను, నిమిషంలో పూడుకుపోయింది, అలాగే ఇంటికొచ్చేశాను! సీలెంట్ లోపల ఆరిపోతుంటుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి.

నచ్చనిది బురద. తడి బంకమట్టి టైరు గళ్లలో ఇరుక్కుంటే అది నున్నగా అయిపోయి జారుతుంది. చక్రానికి ఎక్కించడం కూడా కష్టమే, నా చేతి పంపుతో టైరు అంచు రిమ్ములో కూర్చోలేదు, కంప్రెసర్ కావాల్సి వచ్చింది.

అయినా ఇవి అరిగాక మళ్లీ ఇవే కొంటాను.